గట్టయ్య బావ ఒక్కపొద్దులు

మా బావ గట్టయ్య క్లారినెట్ అందుకుంటే అప్పగింతల్లో పెళ్లికూతురు తల్లి కూడా ఏడుపు ఆపి వినేది. ఆయనది గోదావరిఖని బొగ్గుబాయిలో బొగ్గు ఎత్తి టబ్బుల్లో నింపే కోల్‌ఫిల్లర్ ఉద్యోగం. సెలవు దొరికితే పెళ్లి మేళం. మేళంలో ఆరుగురం, నాది డోలు. అక్క మొగుడు కాబట్టి ఆయన్ను నేను ఎన్ని మాటలన్నా చెల్లుతుంది. ఆ హక్కు నేను ఏనాడూ వదులుకోలేదు.

డెబ్బై రెండులో పెళ్లిళ్ల కాలం ఇంకా మొదలు కాకముందే బావకు నెత్తురు వాంతి అయింది. కంపెనీ దవాఖానలో పది రోజులున్నాడు. కడుపులో పుండు అన్నాడు డాక్టరు. కారం, చింతపండు, చాయ్ బంద్. పాలు, పెరుగన్నం, పెసరపప్పు తినాలి, అదీ మూడు గంటలకోసారి. "ఇంకోసారి నెత్తురు పడితే కడుపు కోయాల్సి వస్తుంది. తర్వాత క్లారినెట్ ఊదే మాట మరిచిపో" అన్నాడు. బావ ముఖం తెల్లబోయింది. బాయి పని ఏమవుతుందని మాత్రం ఒక్క మాట అడగలేదు.

ఇంట్లో పథ్యానికి ఇబ్బంది లేదు. మా అక్క సారవ్వ వంట మొదటినుంచీ చప్పగానే ఉండేది. చిక్కంతా మేళంతో ఊళ్లు తిరిగేటప్పుడే. మేళంవాళ్లు కడుపునిండా తినలేదంటే పెళ్లివాళ్లకు మాట వస్తుంది. మొదటి పెళ్లిలో బావ ఉన్న సంగతి చెప్పాడు. బంతిలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు.

"బొగ్గుబాయిల దిగేటోనివి, కారానికి భయపడ్తవా? ఒక్కనాడు తింటే ఏంగాదు" అని ఇంకో రెండు గరిటెలు వడ్డించారు. మరునాడు బస్సులో బావ ఖని వచ్చేదాకా కడుపు పట్టుకుని వంగి కూర్చున్నాడు.

రెండో పెళ్లిలో గరిటె రాగానే "ఇయ్యాల నాకు ఒక్కపొద్దు" అన్నాడు. గరిటె వెనక్కి పోయింది. చెంబెడు పాలు, అరడజను అరటిపండ్లు వచ్చాయి. ఒకాయన దండం కూడా పెట్టాడు. దవాఖాన మాటకు లేని ఇజ్జత్ ఉపవాసానికి ఉందని బావకు ఆ రోజే తెలిసింది.

ఇక వారానికో దేవుడు. సోమవారం రాజన్న, శుక్రవారం లక్ష్మి, శనివారం ఎంకన్న. బుధవారానికి ఎవరూ దొరక్క, పాత మొక్కు అనేవాడు. అక్క కట్టిచ్చిన పెరుగన్నం టిఫిను నా డోలు సంచిలో వచ్చేది. బావ ఎడ్లబండి చాటున కూర్చుని తింటుంటే నేను కాపలా. ఎవరైనా అటు వస్తే డోలు మీద రెండు దెబ్బలు వేయడం నా డ్యూటీ. రెండేళ్లు తిరిగేసరికి ఆయనకు గొప్ప భక్తుడని పేరు వచ్చింది. ముసలమ్మలు చంటిపిల్లల్ని తెచ్చి తల మీద చెయ్యి పెట్టమనేవారు. బావ పెట్టేవాడు కూడా. నేను గోడ చాటుకు పోయి నవ్వుకునేవాణ్ణి.

మూడో ఏడు మంథని దిక్కు ఒక ఊళ్లో సమ్మవ్వ అనే పెద్దావిడ చిన్నకొడుకు పెళ్లి. మేము చేరింది మంగళవారం పొద్దున. బావ పేరు ఆమె ముందే విని ఉంది.

"ఇయ్యాల ఎవలకు బిడ్డా ఒక్కపొద్దు?"

"పోచమ్మకు అవ్వా."

సమ్మవ్వ ముఖం వెలిగిపోయింది. "నాది గూడ పోచమ్మకే. పెండ్లి ముంగట తల్లికి యాటను కోస్తున్నం. మా ఊర్ల ఈ ఒక్కపొద్దు యాటకూరతోనే విడుస్తరు. ఇద్దరం ఒక్కతాన కూసొని విడుద్దాం."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. బావ ముఖం చూశాక ఆగిపోయింది.

ఆమె బావను తన కళ్లెదుటే మంచం మీద కూర్చోబెట్టింది. టిఫిను మూత తీసే వీలు లేకపోయింది. పాపం ఆమె కూడా మంచినీళ్లు ముట్టకుండా రోజంతా పొయ్యి దగ్గరే ఉంది. పొద్దు గూకే వేళకు పోచమ్మ గుడి దగ్గర నుంచి వచ్చి రెండు విస్తర్లు పక్కపక్కన వేశారు. సమ్మవ్వ పెద్దకొడుకు కొమురెల్లి వడ్డించాడు. అన్నం మీద పోసిన మాంసం కూర ఎర్రగా నూనె తేలుతోంది.

సమ్మవ్వ ముద్ద పట్టుకుని బావ తినడం కోసం చూస్తోంది. బావ ముద్ద ఎత్తాడు. నాకు నిజంగా భయమేసింది. అది మింగితే ఆయన ఊదుడు ఆ రోజుతో ఆఖరు కావచ్చు. మింగకపోతే పెళ్లింట్లో పోచమ్మ ప్రసాదాన్ని కాదన్నట్టు.

బావ ముద్ద దించాడు.

"అవ్వా, నేను అబద్ధమాడిన. నాకు ఒక్కపొద్దు లేదు, ఏం లేదు. కడుపుల పుండున్నది. కారం తింటే నెత్తురు పడ్తది."

వాకిట్లో అందరూ మా వైపు తిరిగారు. తన్నులు తప్పవనుకుని నేను డోలు భుజానికి తగిలించుకున్నాను.

"గీ ముచ్చట పొద్దుగాల చెప్పరాదా?" అంది సమ్మవ్వ.

"చెప్తే నవ్వుతున్నరు అవ్వా."

కొమురెల్లి కూర బకెట్టు కింద పెట్టాడు. అతనిదీ బొగ్గుబాయి పనే.

"అవ్వా, నాకు గూడ గదే బీమారి. రెండేండ్లాయె. ఇంటికి వచ్చినప్పుడల్లా నువ్వు ఇష్టపడి వండుతవని తింటున్న."

సమ్మవ్వ చేతిలో ముద్ద విస్తట్లో పడిపోయింది. కొడుకు వైపు చూసింది. లేచి పోయి నాలుగు ముక్కలు వేడినీళ్లలో ఎరుపు పోయేదాకా కడిగి, సన్నగా తుంచి, పెసరపప్పు వండి అన్నంలో మెత్తగా కలిపి తెచ్చింది. "తల్లికి గింత ఎరుక కాదా" అంటూ మొదటి ముద్ద బావ నోట్లో, రెండో ముద్ద కొడుకు నోట్లో పెట్టింది. ఆ తర్వాతే తను ఒక్కపొద్దు విడిచింది. అమ్మవారి మీద కూడా అబద్ధమాడిన మా బావ ఆ ముద్ద నములుతూ చంటిపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ కళ్లు తడిశాయి. అది మాత్రం ఆయనకు ఇప్పటిదాకా చెప్పలేదు.

పెళ్లయి మేము బయలుదేరుతుంటే సమ్మవ్వ బావ చెయ్యి పట్టుకుంది.

"దేవుండ్లు వండరు బిడ్డా, వండేది మేమే. నీకేం పడ్తదో మాకు చెప్పు."

వారం తిరక్కుండానే కొమురెల్లి ఖనికి వస్తే బావే దవాఖానకు తీసుకుపోయాడు. బావ కడుపు మీద కత్తి పడలేదు, క్లారినెట్ ఆగలేదు. ఆ తర్వాత ఏ ఊరికి పోయినా విస్తరి ముందు కూర్చోగానే పుండు సంగతి చెప్పేసేవాడు. నవ్వేవాళ్లు నవ్వేవారు. బావ కూడా వాళ్లతో పాటే నవ్వి, అందరి నవ్వూ అయిపోయాక పెరుగు అడిగేవాడు.