ఇరవై లెక్కపెట్టే అన్న

మా మేడమీది అన్న మొన్న శుక్రవారం పోయాడు. కబురు చెప్పడానికి మెట్లు దిగివచ్చిన వదిన ఏడవలేదు, విసుక్కుంది. "నలభై ఏండ్లు ఊరోళ్ళందరికీ ఫొటోలు తీసినాడు. దండేసేదానికి ఆయనది ఒకటీ లేదు, చూడు."

ఆయన మద్రాసు కోడంబాక్కం సినిమా స్టూడియోల్లో స్టిల్ ఫొటోగ్రాఫరు. షాటు అయిపోగానే ఆర్టిస్టులు చెదిరిపోకముందే "అట్లే నిలబడండి" అని కేకేసేవాడు. చెంపదెబ్బకు లేచిన చెయ్యి లేచినచోటే, ఏడుపుకు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండాలి. ఇరవై లెక్కపెట్టేలోపు అందరూ కుదురుకుంటే సరి. ఒక్కడు కదిలినా క్లిక్కుమనిపించడు. "పొండి, అందరూ కదలండి, మళ్ళీ చేద్దాం" అనేవాడు. ఓసారి ఒక హీరోగారికి తుమ్ములు పట్టుకుని ఇది నాలుగుసార్లు జరిగిందట. ఆ తుమ్ముల కథ చెప్పాలని నోరు దురదపెడుతోంది గాని, అన్న గురించి రాస్తానని కూర్చున్నాను.

నా సంగతి కొంచెం చెప్పక తప్పదు. నేను పనిచేసే అచ్చాఫీసు మూతపడ్డాక యాభై ఎనిమిదో ఏట పుస్తకాలు చూసి కంప్యూటరు నేర్చుకున్నాను. దొరికింది ఒక్కటే పని, అంబత్తూరులో స్ప్రింగులు చేసే కంపెనీలో, స్ప్రింగులు కొలిచే కంప్యూటరుకు ప్రోగ్రాము రాయడం. కరెంటు పోతే బ్యాటరీ పది నిమిషాలు వస్తుంది. ఆలోపల కంప్యూటరు తన మెమరీలో ఉన్నదంతా డిస్కులో రాసుకుని నిద్రపోవాలి. కరెంటు రాగానే ఆపినచోటినుంచి లేవాలి. నా కంప్యూటరు పెట్టె రెండుసార్లు నిద్రపోయి, రెండుసార్లూ మతి చెడి లేచింది. ఫైళ్ళన్నీ పాడు.

"సోమవారం ఇంకోసారి చూస్తా సార్. కాకపోతే మీ పెట్టె మీరు ఎత్తుకుని పొండి" అన్నాడు ముదలాళి, అంటే కంపెనీ ఓనరు.

ఆదివారం పొద్దున అన్న దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాను. కంప్యూటరు ముట్టి ఎరగని మనిషి, కాఫీ గ్లాసు దించి అడిగాడు.

"నీ పెట్టె రాసుకునేటప్పుడు లోపలుండే ప్రోగ్రాములు ఏం జేస్తా ఉంటాయి?"

"వాటి పని అవి చేస్తుంటాయి."

"మనుషులు తిరగతా ఉంటే ఫొటో తీస్తివా, చెదరక ఏమైతుంది? ముందు అందర్నీ నిలబెట్టు అబ్బయ్యా."

సాయంత్రానికి అందర్నీ నిలబెట్టాను, డిస్కులో రాసే ప్రోగ్రామును కూడా. పెట్టె గుడ్లప్పగించి అట్లే ఉండిపోయింది. అన్న కడుపు పట్టుకుని నవ్వాడు.

"లైటేసేవోణ్ణి కూడా కట్టేస్తే నాకు వెలుతురెవడిస్తాడు? నీకు పనికొచ్చేవోళ్ళను వదిలి మిగతావోళ్ళను ఆపు. ఇంకోటి, నోట్లో ఇడ్లీ ఉన్నోణ్ణి ఉన్నపళాన నిలబడమనబాక. మింగనీ. ఇరవై లెక్కపెట్టు. అప్పటికీ కుదరకపోతే అందర్నీ వదిలేసి మళ్ళీ మొదలుపెట్టు."

సోమవారం ముదలాళి తానే మెయిన్ స్విచ్ ఆపాడు. బ్యాటరీ కీచుమంది. ప్రింటరు ప్రోగ్రాము ఒక లైను మధ్యలో ఉంది, నిలబడలేదు. ఇరవై అయింది. నా పెట్టె అందరినీ వదిలేసింది. ముదలాళి నావైపు చూశాడు.

"ఇడ్లీ మింగుతోంది సార్" అన్నాను.

రెండోసారి అందరూ నిలబడ్డారు. తెర నల్లబడింది. కరెంటు వేయగానే పెట్టె నలభై ఏడో స్ప్రింగు కొలత దగ్గర లేచి, నలభై ఎనిమిదోది ఇమ్మంది.

"సరి, ఉండనీండి" అన్నాడు ముదలాళి. ఈ రెండేళ్ళూ మా పొయ్యి ఆ మాటమీదే వెలుగుతోంది. ఆరోజు ఇంటికొచ్చి అన్నకు చెబితే, "అందరూ నిలబడినారు గదా" అన్నాడు, అంతే.

మొన్న శుక్రవారం అన్న ట్రంకుపెట్టెంతా బోర్లిస్తే అడుగున ఒక ఫొటో దొరికింది. ఆయన షష్టిపూర్తినాడు కెమెరాను స్టూలుమీద పెట్టి, టైమరు తిప్పి, "అట్లే నిలబడండి" అని తీసింది. వదిన, కూతుళ్ళు, అల్లుళ్ళు, నేను ఊపిరి బిగబట్టి రాళ్ళలా ఉన్నాం. వదిన పక్కన కుర్చీ ఖాళీ. దానివైపు ఒక తెల్లటి మసక, ఎగిరిన పంచె అంచు, గాల్లో ఒక చెప్పు. వెనక పెన్సిలుతో ఆయన రాత: "చెడింది. ఒకడు కదిలాడు."

"అదే పెట్టండి" అంది వదిన.

పటం కట్టించి దండ వేశాం. దండ వెనక మేమంతా కదలకుండా నిలబడే ఉన్నాం. ఆయనొక్కడూ కుర్చీకేసి ఇంకా పరుగెత్తుతున్నాడు.