అమ్మో అత్త చేసిన స్మూతీ

అమ్మో అత్తకు భయం. దేనికి భయమో చెప్పడం కష్టం. దేనికి భయం లేదో చెప్పడం ఇంకా కష్టం. లిఫ్టు తలుపు మూసుకుంటే "అమ్మో", తెరుచుకుంటే "అమ్మో". వీధిలో కుక్క ఎదురైతే పక్కకు జరిగి దానికి దారి ఇచ్చేది. కుక్క కూడా మర్యాద తెలిసినదై ఆగిపోయిందంటే, ఇద్దరూ సాయంత్రందాకా అక్కడే. 'అమ్మో అత్త' అన్నది మేనకోడలు చిన్నప్పుడు పెట్టిన పేరు. ఆ పేరు విన్నా "అమ్మో, అదేం పేరే!" అనేది.

అలాంటి మనిషిని, భయంతో తిండి మానేసిన ఆ మేనకోడలికి తోడుగా రమ్మని పిలవడం ఆ పిల్ల తండ్రికే చెల్లింది.

మేనకోడలు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగిస్తుంది. ఒకరోజు దుకాణం వెనక గదిలో యాపిల్ తింటూ, ఎవరో చెప్పిన జోకుకు నవ్వింది. ముక్క గొంతుకు అడ్డం పడింది. ఊపిరి లోపలికి పోదు, కేక బయటికి రాదు. ఎదుటి అద్దంలో తన ముఖం రంగు మారడం తనే చూసింది. యజమాని వెనకనుంచి వాటేసుకుని పొట్ట మీద గట్టిగా అదిమితే ముక్క ఎగిరి అవతల పడింది.

ముక్క పోయింది గాని భయం గొంతులోనే ఉండిపోయింది. ముద్ద నోటి దాకా వస్తే చాలు, గొంతు బిగుసుకుపోయేది, అరచేతులు చల్లబడేవి. ఇక పాలు, మంచినీళ్లే. డాక్టరు చూసి, "గొంతు శుభ్రంగా ఉంది, అది భయమే" అన్నాడు. నాన్నేమో కంచం ముందు కూర్చుని, "ఒక్క ముద్దమ్మా, మింగితే దిగుతుంది కదా" అని బతిమాలేవాడు. ఆ "మింగు" అన్న మాటకే ఆమెకు గుండె దడదడలాడేది. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

అత్త సంచీ కింద పెట్టకుండానే, "అమ్మో, ఎంత చిక్కిపోయావే! నాకు భయమేస్తోంది" అంది.

"నాకూ భయంగానే ఉందత్తా."

"అయితే సరే. ఇద్దరం కలిసి భయపడదాం."

మర్నాడు పొద్దున్నే వంటింట్లో యుద్ధం మొదలైంది. మిక్సీ జారులో అరటిపండు, బొప్పాయి, పెరుగు, కాస్త తేనె. మూత పెట్టి, మూత మీద తువ్వాలు కప్పి, అత్త తలుపు వెనక నక్కింది. చేతిలో పొడుగాటి కర్ర గరిటె.

"గరిటె ఎందుకత్తా?"

"స్విచ్చు నొక్కడానికి! ఆ మూత ఎగిరొచ్చి నా ముక్కు పగలగొడితే?"

చివరికి మేనకోడలే వెళ్లి మూత పట్టుకోవాల్సి వచ్చింది. గ్లాసులో పోశాక అత్త అనుమానంగా చూసింది. "ముందు నేను తాగుతా. నాకేమైనా అయితే మీ నాన్నకు చెప్పు." కళ్లు గట్టిగా మూసుకుని ఒక గుక్క తాగి, ఒక కన్ను తెరిచింది. "ఉన్నానే! ఇక నువ్వు కానీ."

మేనకోడలికి నవ్వొచ్చింది. నవ్వుతూనే తాగింది. తాగేశాక గాని తాగినట్టు తెలియలేదు.

రోజులు గడిచేకొద్దీ అత్త భయం ముదిరింది. "అమ్మో, శబ్దం మారింది!" అని మిక్సీని సగంలోనే ఆపేసేది. ఒకనాడు గుక్కతో పాటు మెత్తటి ముక్కొకటి నాలుక మీదికి వచ్చింది. మేనకోడలు కొయ్యబారిపోయింది. చెవుల్లో హోరు. వెనక గది, అద్దం, ఆ ముఖం... ఉమ్మేద్దామని సింకు వైపు తిరిగింది.

అంతలో అత్త నేల మీద చతికిలబడి శోకాలు మొదలుపెట్టింది. "అమ్మో, నా పిరికితనం నీ ప్రాణం మీదికి తెచ్చిందే! నేనెందుకొచ్చానే!"

ఆ ఏడుపు ఆపడానికి మరో దారి కనబడలేదు. మేనకోడలు వణుకుతూనే నమిలింది, నమిలింది, మింగింది. "చూడత్తా, దిగిపోయింది."

"ఏదీ, నోరు తెరువు!" చూసి, ముక్కు చీదుకుని లేచింది.

తర్వాత మేనకోడలు సాయంత్రం దుకాణం నుంచి వచ్చేసరికే జారు నిండి ఉండేది. రోజూ ముక్కలే. రోజూ ఏడుపే. రోజూ ఓదార్పే.

ఒక మధ్యాహ్నం దుకాణంలో కరెంటు పోయి మేనకోడలు ముందే ఇల్లు చేరింది. వంటింట్లో మిక్సీ హాయిగా తిరుగుతోంది. తొంగి చూస్తే, అత్త ఒక అరచేయి మూత మీద ఆనించి, కూనిరాగం తీస్తోంది. తువ్వాలు లేదు, గరిటె లేదు. పండు వెన్నలా నలిగేదాకా తిప్పి ఆపింది. తర్వాత పక్కనున్న పళ్లెంలోంచి, తరిగి పెట్టుకున్న అరటిపండు ముక్కల్ని ఒక్కొక్కటే తీసి, వేళ్ల మధ్య నొక్కి మెత్తదనం చూసుకుని జారులో వేస్తోంది. "ఇది నిన్నటికంటే రవ్వంత పెద్దది. ఫరవాలేదు. అమ్మో, ఇది మరీ పెద్దది!" అని, దాన్ని తన నోట్లో వేసుకుంది.

మేనకోడలు చప్పుడు చేయకుండా వీధి తలుపు దాకా వెనక్కి వెళ్లి, చెప్పులు టపటపలాడించింది. లోపల గిన్నెలు గలగలమన్నాయి. వచ్చేసరికి అత్త తలుపు వెనక ఉంది, గరిటెతో సహా.

"వచ్చావా తల్లీ! ఈ రాకాసితో నా వల్ల కాదే."

"నేనున్నాగా. భయపడకు." గ్లాసు నింపుకుని, నిలబడే తాగింది. ముక్కలు తగిలాయి. తీరిగ్గా నమిలింది.

"అమ్మో, మళ్లీ ముక్కలు మిగిలాయా? శబ్దానికి భయపడి ముందే ఆపేశానే. రేపు సరిగ్గా తిప్పుతాలే."

"వద్దత్తా," అంది మేనకోడలు మూతి తుడుచుకుంటూ. "రేపు ఇంకాస్త ముందే భయపడు."