హాజరు పడిన పిల్ల

కరోనా తగ్గి బడులు మామూలుగా తెరుచుకున్న ఏడాది జూన్‌లో నన్ను పలమనేరు వైపు ఒక మండలానికి విద్యాధికారిగా బదిలీ చేశారు. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళుంది. మండల విద్యాధికారి అంటే ఊళ్ళో వాళ్ళు పెద్ద ఆఫీసరనుకుంటారు. నిజానికి పైనుంచి వచ్చే తిట్లను కిందికి, కిందినుంచి వచ్చే లెక్కలను పైకి మోసే ఉద్యోగమది. ఆ ఏడాది అడిగిన లెక్క బడి బయటి పిల్లలది. ఇల్లిల్లూ సర్వే చేసి, దొరికిన ప్రతి పిల్లనూ బడిలో చేర్చి, చివరికి సున్నా చూపించాలి. సున్నా రాని మండలాధికారిని సమీక్షా సమావేశంలో అందరి ముందూ నిలబెట్టి కడిగేస్తారు. అలా నిలబడటమంటే నాకు చచ్చేంత భయం.

నెల తిరిగేసరికి మా మండలంలో ముగ్గురు మిగిలారు. ముగ్గురూ ఒకే ఇంటి పిల్లలు. అడవి అంచు పల్లెలో, పొలంలోనే ఇల్లు. తండ్రి వెంకటరమణకు టమాటా సేద్యం, నాలుగు పాడి ఆవులు. తల్లి సుజాత చిత్తూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. కరోనా కాలంలో పిల్లలకు ఇంట్లో చెప్పడం మొదలుపెట్టి, బడులు తెరిచాక కూడా మానలేదు.

నేను పోయేసరికి ఉదయం తొమ్మిది. పెద్దవాడు చరణ్ పాల క్యాన్ల ముందు కూర్చుని వారం పాలు లీటర్లలో గుణిస్తున్నాడు. ఆరేళ్ళ చిన్నది రాగిపిండి కొలుస్తూ “సగం, పావు” అని అరుస్తోంది. నడిమిది వెన్నెల, పదేళ్ళ పిల్ల, నేను వచ్చిన ఆటో చక్రాన్ని టేపుతో చుట్టి కొలిచి పుస్తకంలో రాసుకుంది. తల్లి ఒక చేత్తో సంగటి కెలుకుతూ ఇంకో చేత్తో ఎవరిదో వ్యాసం దిద్దుతోంది. ఆ రణగొణలో జరిగినంత చదువు మా బడుల్లో ఒక పూటలో జరగదు. ఆ మాట ఫారంలో రాయలేం కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. టిఫిను తరువాత ఆ ఇంట్లో ‘బయటి పాఠం’ ఉంటుంది. ఒక్కొక్కరూ తమకు నచ్చింది ఒకటి బయట కొలిచి, లెక్క రాసుకుని, అన్నం వేళకు ఇల్లు చేరాలి.

“మేడం, మా బిడ్డల్ని తీసుకపోయి హాస్టల్లో ఏస్తారంట కదా, నిజమేనా?” అంది సుజాత. అదేమీ లేదన్నాను. ఆధార్ నంబర్లు రాసుకుని వచ్చేశాను.

ఇంటి చదువుకు మా ఫారంలో గడి లేదు. బడిలో ఉన్నారా, బయట ఉన్నారా, అంతే. ఆ ఊరి బడి హెడ్మాస్టరు మునిరత్నం దారి చూపించాడు. “పేర్లు నా బడిలో రాసుకుంటా మేడం. హాజరు సంగతి కూడా నేనే చూసుకుంటాలెండి” అన్నాడు. సరే అన్నాను. తల్లిదండ్రులకు చెప్పలేదు. ఆ రోజు నుంచి ప్రతి ఉదయం తొమ్మిదింటికి బడి హాజరు యాప్‌లో ముగ్గురికీ హాజరు పడేది. మండలం సున్నా అయింది. సమావేశంలో నాకు చప్పట్లు కొట్టారు.

నవంబరులో ఒక రోజు మధ్యాహ్నం మూడున్నరకు ఎస్సై ఫోన్ చేశాడు. బయటి పాఠానికి పోయిన వెన్నెల అన్నం వేళకు రాలేదు. తండ్రి పొలమంతా వెతికి, రెండింటికి స్టేషనుకు పోయాడు. పిల్ల తప్పిపోతే పోలీసులు మొదట తేల్చుకునేది, చివరిసారి ఎక్కడ కనిపించిందనే. ఆధార్ నంబరుతో పేరు వెతికితే బడి హాజరు బయటపడింది. హెడ్మాస్టరును అడిగితే, “పొద్దున వచ్చినాది సార్, అన్నం బెల్లు తరవాత కనపళ్ళేదు” అన్నాడట. దాంతో పోలీసులందరూ బడి దారిలో, బస్టాండులో, బెంగళూరు రోడ్డు మీద వెతుకుతున్నారు. అడవి వైపు ఒక్క కానిస్టేబులూ పోలేదు. తల్లిదండ్రులను విచారణకని స్టేషనులోనే కూర్చోబెట్టారు.

“తల్లేమో పాప ఆ బడి మెట్టే తొక్కలేదంటా ఉండాది. మీ రికార్డేమో పొద్దున వచ్చినాదంటా ఉండాది. ఆమె మీదే అనుమానంగా ఉండాది మాకు. ఏది నిజం మేడం?” అన్నాడు ఎస్సై.

రికార్డు చూసి చెబుతానని ఫోన్ పెట్టేశాను.

చూడటానికి ఏముంది? తలుపు వేసుకుని కూర్చున్నాను. ఆ వారం ఏనుగుల గుంపు ఆ పల్లె మీదే తిరుగుతోంది. పగలు అడవిలోనే ఉంటాయి, పొద్దు వాలితే చెరుకు తోటల్లోకి దిగుతాయి. ఆ సంగతి తెలిసి కూడా నేను ఛార్జి మెమో గురించి, సస్పెన్షన్ గురించి, పింఛను గురించి ఆలోచించాను. అలా అరగంట. అంతలో మునిరత్నం ఫోన్ చేసి ఏడ్చాడు. “మీరూ అదే మాట చెప్పండి మేడం, లేకుంటే ఇద్దరం మునిగిపోతాం.” అరగంటగా నాకు నేను చెప్పుకుంటున్నదీ అదే. ఇంకొకరి నోట వినేసరికి నా మీద నాకే అసహ్యం వేసింది.

ఎస్సైకి ఫోన్ చేసి, అది దొంగ హాజరని, ఆ పిల్ల ఏ రోజూ బడికి రాలేదని, తల్లి చెప్పిందే నిజమని అన్నాను. ఆయన నోటికొచ్చిన మాట ఒకటి అని ఫోన్ కట్ చేశాడు. అది నాకు తగిన మాటే.

నేను ఆటోలో చేరేసరికి సూర్యుడు కొండ మీదికి ఒరిగాడు. పోలీసులు, అటవీ శాఖ వాళ్ళు, ఊరి జనం పొలం గట్టు మీద ఆగిపోయి ఉన్నారు. ఎదుట తోటలో చెరుకు గడలు విరుగుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. “గుంపు దిగేసినాది అప్పా. టపాకాయలు కాల్చొద్దండి, బెదిరి ఎట్టా పోతాయో తెలీదు” అన్నాడు అటవీ గార్డు గుసగుసగా. వెంకటరమణ, ఏనుగుల జాడ తీసే ట్రాకరు ఒకడు మాత్రం వాగు వెంబడి వంగి పోయారు. పావుగంట గడిచింది. సుజాత నన్ను చూసి దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

“రెండింటి నుంచి అడవి పక్క ఎతకండని కాళ్ళు పట్టుకున్నా మేడం. నా బిడ్డ యాడ ఉండాదో నాకన్నా మీ పుస్తకానికే ఎక్కువ తెలుసన్నారు” అంది.

పిల్ల వాగు అవతల పాడుబడిన మోటరు షెడ్డులో దొరికింది. ఇంటి నుంచి వాగుకు ఎన్ని అడుగులో లెక్కపెడుతూ పోయి, జారిపడి, చీలమండ మెలిపడి, అక్కడిదాకా పాకింది. మధ్యాహ్నం నాన్న పిలవడం దూరంగా విన్నదట. కానీ ఏనుగులు ఉన్న చోట అరవకూడదని ఇంట్లో నేర్పిన పాఠం. అప్పటికే అడవిలో కొమ్మలు విరుగుతున్న చప్పుడు వింటోంది. అందుకే పలకలేదు. తండ్రి భుజం మీద వచ్చేటప్పుడు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉంది. రెండింటికే పది మంది ఆ వైపు పోయి ఉంటే, గుంపు దిగకముందే ఆమె ఇంట్లో ఉండేది.

మర్నాడు నివేదిక నా చేత్తోనే రాశాను. నేను తలుపు వేసుకుని కూర్చున్న అరగంట కూడా అందులో ఉంది. నాకు ఛార్జి మెమో వచ్చింది, మునిరత్నానికి బదిలీ. ఆ పిల్లల పేర్లు హాజరు పట్టీ నుంచి కొట్టేశారు. వాళ్ళు ఇంట్లోనే చదివి ఓపెన్ స్కూలు పరీక్షలు రాస్తామన్నారు. ఆ రికార్డులో పడే పేరు ఒక్కొక్కటీ, ఆ పిల్ల ఫలానా చోట ఉందని మేమిచ్చే సాక్ష్యం. దాన్ని నమ్మి, కన్నతల్లి మాటను కూడా పక్కన పెడతారు. ముప్పై ఏళ్ళు సంతకాలు పెట్టి కూడా ఈ సంగతి నాకు తెలియలేదు. మిగిలిన సర్వీసులో బడిలో కళ్ళతో చూడని పిల్ల పేరు ఎక్కడా చేరనివ్వలేదు. నా మండలం మళ్ళీ ఎప్పుడూ సున్నా కాలేదు. ప్రతి సమావేశంలోనూ నన్ను నిలబెట్టారు, నిలబడ్డాను.