తినని బాబ్కా రుచి

పోయిన మంగళవారం సూపర్‌మార్కెట్‌లో బ్రెడ్డు అరల దగ్గర నిలబడి, చాక్లెట్ బాబ్కా పెట్టె మీది సన్న అక్షరాలు కళ్లజోడు పైకెత్తి చదువుతున్నాను. కోడిగుడ్డు ఉందో లేదో వెతకడం నాకు కెనడాలో ఈ విండ్సర్ వచ్చిన నాటి నుంచీ ఉన్న జబ్బు. మనవల పుట్టినరోజుల పుణ్యమా అని కేకులు తినడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది, అయినా కళ్లు ముందు దానికోసమే పోతాయి. ఉంది. ఉంటుందని తెలిసే వచ్చాను. ఒకప్పటి మా పక్కింటావిడ ఇప్పుడు వృద్ధాశ్రమంలో ఉంటోంది. ముందు రోజు ఫోన్ చేసి, “నా బాబ్కా ఎలా ఉండేదో నాకే గుర్తు రావడం లేదు. ఏటేటా తిన్నదానివి నువ్వే కదా! షాపుది ఒకటి పట్టుకురా, నాదానిలా ఉందో లేదో నువ్వు తిని చెప్పాలి” అంది. ఆవిడ బాబ్కా నేను ఒక్క ముక్క కూడా తిని ఎరగను.

ఆవిడ పోలండ్ నుంచి వచ్చిన మనిషి. మేం ఆ వీధిలో దిగిన మొదటి ఈస్టర్‌కి రేకు డబ్బాలో వేడివేడి బాబ్కా తెచ్చి నా చేతిలో పెట్టింది. మెలితిప్పిన రొట్టె, కోస్తే మడతకాజాలా పొరలు, పొరల మధ్య చాక్లెట్. నా ఇంగ్లీషు ఇంకా నాలుక మీద తిరగని రోజులవి. మేం గుడ్డు తినం అని చెప్పడానికి నోరు రాలేదు, థాంక్యూ మాత్రం వచ్చింది. మా అత్తగారు వంటింటి గుమ్మంలోనే ఆపేశారు. “అమ్మాయ్, ఆవిడ మనసు మంచిదే, కాదన్ను. గుడ్డు మాత్రం లోపలికి తేకు” అన్నారు. దాంతో బాబ్కా గరాజ్‌లో, మంచు తోసే పారల పక్కన ఆ రాత్రి గడిపి, పొద్దున్నే మా ఆయనతో కార్ల ప్లాంటుకి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆవిడ కంచె దగ్గర నిలబడి “ఎలా ఉంది?” అంది. మా ఆయన ప్లాంటులో విన్నదంతా నేను అప్పజెప్పాను. లోపల మెత్తగా తడిగా ఉంది, నారింజ తొక్క వాసన భలేగా ఉంది, అని. ఆవిడ మొహం వెలిగిపోయింది. అక్కడే చెడింది నా పని. తర్వాత ప్రతి ఏడూ అదే తంతు. ఖాళీ డబ్బా తిరిగివ్వడం మన ఇంటా వంటా లేదు కనక చేగోడీలు నింపి ఇచ్చేదాన్ని. ఆవిడ నా ఎదురుగానే కరకరా నమిలి, కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటూ ఇంకోటి తీసుకునేది. నాకు సిగ్గేసేది. మా అమ్మాయికి సంగతి తెలిసి, “అమ్మా, జస్ట్ టెల్ హర్!” అని విసుక్కునేది. అత్తగారు పోయాక తినడానికి అడ్డెవరూ లేరు. కానీ మా ఆయన “ప్లాంటులో మావాళ్లు ఫిబ్రవరి నుంచీ అడుగుతున్నారే, ఏం చెప్పను?” అనేవారు. అలా వాయిదా పడుతుండగానే ఆవిడ చేతులు పిండి పిసకడం మానేశాయి.

మంగళవారం మధ్యాహ్నం ఆశ్రమంలో ఆవిడ కిటికీ పక్కన కూర్చుని నేను ముక్క కొరికాను. మెత్తగానే ఉంది. మరీ తీపి. “చెప్పు” అంది ఆవిడ, చూపు నా నోటి మీదే పెట్టి. “నారింజ తొక్క లేదు” అన్నాను. “అవును, నారింజ!” అంటూ ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. “నువ్వుండబట్టి సరిపోయింది” అంది. అక్కడితో ఊరుకుంటే అందరికీ సుఖమే. కానీ తన మతిమీద నమ్మకం పోయిన మనిషి నా నాలుకని నమ్ముకుంది, అది భరించలేకపోయాను. గుడ్డు సంగతి, గరాజ్ సంగతి, ప్లాంటు సంగతి అన్నీ చెప్పేశాను.

ఆవిడ నా చెయ్యి వదిలేసింది. కిటికీ వైపు మొహం తిప్పుకుంది. నేను పెట్టె మూత మడవడం మొదలుపెట్టాను. “ఎంతమంది తినేవారు?” అంది చివరికి. లంచ్ రూములో పది పన్నెండుమంది ఉండేవారన్నాను. “ఏమైనా మిగిల్చేవారా?” లేదన్నాను, డబ్బా అంచులు గోళ్లతో గీక్కుని తినేవారని కూడా చెప్పాను. ఆవిడ పెదవి కొద్దిగా కదిలింది. “నీకోసం చేశాను నేను. వాళ్లకోసం కాదు” అంది. సారీ అన్నాను. తర్వాత ఆవిడే ఒక ముక్క తుంచుకుని, “ఛీ, ఒట్టి చక్కెర” అంది. అవునన్నాను. ఈసారి ఎవరి మాటా అరువు తెచ్చుకోలేదు.

ఇరవై ఏళ్లకు పైగా పక్కపక్క ఇళ్లలో బతికి, మేమిద్దరం ఒకే రొట్టె పంచుకు తిన్నది ఆ ఒక్క మధ్యాహ్నమే. మనం నిజం చెప్పేదాకా ఆగుతానని కాలం ఎవరికీ మాటివ్వదు. నాకోసం ఎందుకో కాస్త ఆగింది.