ఇరవయ్యొకటో నంబరు గోటీ

నిన్న బారిడీహ్‌లో మా అన్నయ్య ఇంటికి వెళ్ళాను. చెప్పులు విప్పకముందే "ఒలే, ఇలా రా, ఒకటి సూపిత్తాను" అంటూ గేరేజీలోకి లాక్కుపోయాడు. ఆన్‌లైన్‌లో తెప్పించిన నారింజ రంగు ప్లాస్టిక్ పళ్ళెం. దాని నిండా గుండ్రటి గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో సాకెట్టు. ఈ హిందీ ఊళ్ళో మెకానిక్కులు వాటిని గోటీలంటారు. బోల్టుకి తొడిగి తిప్పే ఆ ఇనప టోపీలను చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా కూర్చోబెట్టి, బారసాలలో బిడ్డను చూపించినట్టు చూపించాడు. బాగుందన్నాను. ఏం బాగు, నా తలకాయ! ఒళ్ళు మండిపోయింది. వరసలో ఒక్క గుంట మాత్రం ఖాళీగా ఉంది. "ఇరవయ్యొకటి నంబరుదే. ఆరేళ్ళయి ఎతుకుతన్నాను. ఏటయిపోయిందో!" అని నిట్టూర్చాడు.

గేరేజీ అంటే కారు పెట్టుకునే చోటని మనబోటి తెలివితక్కువవాళ్ళం అనుకుంటాం. మా అన్నయ్య గేరేజీలో కారుకి చోటు లేదు. అది ఎండకీ వానకీ వీధిలోనే పడి ఉంటుంది. లోపల గోడ మొత్తం ప్లైవుడ్ పలక, దానికి తెల్ల రంగు, ఆ తెలుపు మీద ప్రతి పనిముట్టు చుట్టూ నల్లగీత. సుత్తి ఆకారంలో సుత్తి, పట్టకారు ఆకారంలో పట్టకారు. "దేని జాగాలో అది ఉండాల" అన్నది ఆయన మంత్రం. ఉద్యోగమంతా ఫ్యాక్టరీ స్టోర్సులో కూర్చుని ఇతరులకు సామాను ఇవ్వడమే గాని, ఏనాడూ చేతికి చుక్క గ్రీజు అంటించుకున్న మనిషి కాడు. రిటైరయ్యాక ఈ భక్తి పట్టుకుంది. వంటింటి కుళాయి కారితే వదిన గుడ్డపేలిక చుట్టుకుంటుంది. మరీ కారితే బిర్సానగర్ నుంచి ప్లంబరు వస్తాడు, తన సంచీ తానే తెచ్చుకుంటాడు. గోడమీది పానా అడిగితే ఏమవుతుందో ఒకసారి చూశాడు పాపం. మా నాన్న పనిముట్లు ఒక్క నూనె డబ్బాలో, మంచం కింద ఉండేవి. మూత ఉండేది కాదు. లైను క్వార్టర్లలో ఎవరికి అవసరమైతే వాళ్ళు మా ఇంట్లోకి వచ్చి, మంచం కిందికి వంగి తీసుకుపోయేవారు. కొన్ని తిరిగి వచ్చేవి, కొన్ని రాలేదు. మా నాన్నకు నిద్ర పట్టకపోవడం మాత్రం నేను చూడలేదు.

ఇక ఈయనగారి పాండిత్యం వినండి. కారు కొన్న వారానికే డిక్కీలోంచి జాకీ తీసేశాడు. "అక్కడుంటే గడగడమంటాది, తుప్పట్టేత్తాది" అట. చక్రం విప్పడానికి కారుతో ఇచ్చిన పానా చవక సరుకని పారేశాడు. దాని బదులు ఇరవయ్యొకటో నంబరు గోటీ ఉందిగా, గోడమీద! కారు ఎక్కడికి వెళ్ళినా చక్రం విప్పే సామాను ఇంట్లోనే ఉంటుందన్నమాట. ఇంతటి బుర్రకి పెన్షను కూడా ఇస్తున్నారు.

ఆరేళ్ళ కిందట విశ్వకర్మ పూజ నాడు నేను కద్మాలో మా ఇంటి నుంచి ప్రసాదానికి వెళ్ళాను. ఈ ఊళ్ళో ఆ పూజంటే మాటలు కాదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర్నుంచి సైకిలు షాపు దాకా పనిముట్లన్నిటికీ బొట్లు పెట్టి, మర్నాటి వరకూ ముట్టుకోరు. ఆటోలు కూడా దండలు వేసుకుని స్టాండులో నిలబడిపోతాయి. ఆ పూట వదినకి ఫోను వచ్చింది. టెక్కలి దగ్గర పల్లెలో వాళ్ళమ్మకి మాట పడిపోయింది, ఎవరు గుమ్మంలోకి వచ్చినా కూతురేమోనని కళ్ళు తిప్పి చూస్తోందట. మధ్యాహ్నం రైలుబండి అందుకుంటే తెల్లారేసరికి చేరవచ్చు. వదిన రెండు చీరలు సంచీలో కుక్కుకుని వీధిలోకి వచ్చింది. కారు ముందు చక్రం నేలకి అంటుకుపోయి ఉంది.

అన్నయ్య గేరేజీ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "పూజ సేసినవి ఇయాల ముట్టకోడదే. రేపు పొద్దుటే నేనే ఇప్పుతాను." కాలేజీలో చదువుతున్న మేనకోడలు "పాపా, ఏక్ గోటీ హీ తో హై! నానీ మర్ రహీ హై!" అని, ఒక్క గోటీయే కదా, అక్కడ అమ్మమ్మ పోతోందంటూ వాళ్ళ నాన్న మీద అరిచింది. ఆయన చలించలేదు. నేను ఆయన్ని తోసుకుని లోపలికి వెళ్ళి గోడమీది గోటీల వరస మీద చెయ్యి వేస్తే, నా మణికట్టు పట్టుకున్నాడు. "వరస సెదిరిపోద్దే!" అన్నాడు. అదీ సంగతి! దేవుడూ లేదు, దెయ్యమూ లేదు. కారుకీ బొట్టు పెట్టాడు కదా, మరి దాన్ని నడపడానికి తాళం తీసుకున్నప్పుడు విశ్వకర్మ అభ్యంతరం చెప్పలేదా? ఏడాదంతా గుడి మెట్టెక్కని మనిషికి, గోటీల వరస కదులుతుందంటే ఎక్కడలేని మడీ వచ్చింది. ఛీ! వదిన మాత్రం "ఒక్కపాలి తియ్యండి, మల్లీ అక్కడే ఎట్టేత్తాను" అని చిన్నపిల్లలా బతిమాలింది. చివరికి మేనకోడలు పక్కింటి స్కూటీ అడిగి తెచ్చి ఎక్కించుకుపోయింది. వాళ్ళు స్టేషనుకి చేరేసరికి ప్లాట్‌ఫారం ఖాళీ.

మర్నాడు పొద్దున్నే అన్నయ్య మాట తప్పకుండా గోటీ తీసి చక్రం మార్చాడు. నుదుట చెమట కూడా తుడుచుకున్నాడు, ఎంత కష్టపడ్డాడో! ఆ సరికి వదిన వాళ్ళమ్మ పోయిందని ఫోను వచ్చేసింది. కర్మకాండలయ్యాక వదిన తిరిగి వచ్చి యథాప్రకారం వంట చేసింది. ఆవిడ స్థానంలో నేనుంటే ఆ ప్లైవుడ్ పలకని పొయ్యిలో పెట్టి ఉండేదాన్ని.

నిన్న ఆ పళ్ళెం దర్శనం ముగించుకుని వంటింట్లోకి వెళ్ళాను. వదిన బియ్యం కొలుస్తోంది. డబ్బాలో గ్లాసు ముంచేసరికి టంగుమంది. వదిన నావైపు చూసింది, చెయ్యి లోపల పెట్టి, ఆ ఇనప టోపీ తీసి కొంగుతో తుడిచింది. దాని గాడిలో కుంకుమ ఇంకా ఎర్రగా అంటుకుని ఉంది. గేరేజీలోంచి అన్నయ్య, "ఒలే, ఆ గోటీ మీకేటైనా కనిపించిందేటి?" అని కేకేశాడు.

"లేదండీ" అంది వదిన. గోటీని మళ్ళీ బియ్యంలోకి దోపి, మీద బియ్యం సర్ది, నాతో మెల్లగా అంది. "దేని జాగాలో అది ఉండాల గదమ్మా."

ఆరేళ్ళయినా దానికి తుప్పు పట్టలేదు.