కిటికీ వైపు తిరిగే టీచరు

రాచర్ల దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పే ఫెబీ టీచరుకు ఒక మొండి అలవాటుంది. బోర్డు మీద లెక్క చేసిన పిల్ల "కరెక్టేనా టీచర్?" అని అడిగితే చాలు, కిటికీ వైపు ముఖం తిప్పేసుకుంటుంది. "నన్ను అడిగేదేంది? అట్ల ఎందుకొచ్చిందో నీ పక్కనోళ్లకు చెప్పి ఒప్పించు పో!" అంటుంది. మొదట్లో పిల్లలు ఏడ్చారు. సాటి టీచర్లు "చెప్పేస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమెందుకు?" అని నవ్వారు.

ఆ రోజు మేకలు కాసేవాళ్ల పిల్ల శివకుమారి బోర్డు మీద త్రిభుజం లెక్క చేసింది. ఫెబీ ముందే కిటికీ వైపు తిరిగి, ఆ ప్రశ్న కోసం ఎదురుచూసింది. అది రాలేదు. వెనకనుంచి "అట్ల కాదు కుమారీ, ఈ కోణం చూడు" అని వాదులాట, ఆ తర్వాత నవ్వులు వినిపించాయి. ఆమె ఇటు తిరిగేసరికి పిల్లలు తప్పు దిద్దుకుని, బోర్డు తుడిచి, తర్వాతి లెక్కలో పడిపోయారు. ఆమె వైపు ఒక్కరూ చూడలేదు. ఇన్నేళ్లూ ఆమె కోరుకున్నది అదే.

సాయంత్రం గిద్దలూరులోని అద్దెగదిలో చారు కాచుకుని, రుచి చూసి, "ఉప్పు సరిపోయిందా?" అని పైకే అడిగింది.

ముఖం తిప్పుకోవడానికైనా అక్కడ ఇంకొకరు లేరు.