ఉరుకుల బొమ్మ

మిషనక్క జబ్బు పట్టిన యంత్రాన్ని ముందు విప్పదు. ముందు దాని మీద అరచెయ్యి వేస్తుంది. కుట్టుమిషను కానీ, మిక్సీ కానీ, టేబుల్ ఫ్యాను కానీ, స్విచ్చి వేయించి, కళ్ళు మూసుకుని, పసిపిల్లకి జ్వరం చూసినట్టు చూస్తుంది. "బేరింగు పోయింది," అంటుంది. లేదంటే, "దీనికేం కాలేదు, మీ ఇంట్లో ఎవరో దీన్ని కొడుతున్నారు," అంటుంది. ఆ రెండో మాటకి చాలామంది నవ్వుతారు. కొందరు మాత్రం నవ్వకుండా వస్తువు చంకన పెట్టుకుని వెళ్ళిపోతారు.

ఈ విద్య ఆమెకి వాళ్ళ నాన్న దగ్గర అబ్బింది. ఆయనదీ ఇదే పని. బడి మధ్యలో మాన్పించి తన బల్ల పక్కన కూచోబెట్టుకున్నాడు. పెళ్ళయ్యాక ఆమె తన ఇంటి ముందుగదిలోనే బల్ల వేసుకుంది. మరలు దాచుకునే రేకు డబ్బాలు, నూనె మరకలు పడ్డ చాప, గోడకి వేలాడే బెల్టులు. బస్సు నడిపే మొగుడు, "మా ఆవిడ చెయ్యి పడితే చచ్చిన రేడియో కూడా లేచి నన్ను తిడుతుంది," అని అందరికీ చెబుతాడు.

ఆమెకి ఉన్న బెంగల్లా కూతురే. ఆ పిల్ల బట్టల కొట్లో పనిచేస్తుంది. బల్ల దగ్గర పని నేర్చుకుంటానని ఎన్నాళ్ళో బతిమాలింది. "కోపం చేతులకి మరలు లొంగవు," అని మిషనక్క దగ్గరికి రానివ్వలేదు. పిల్ల చేతిలో ఏదీ నిలవదు మరి.

ఆ ఆదివారం కూడా అంతే. కూతురు టీ తెస్తూ గుమ్మంలోనే కప్పు వదిలేసింది.

"అదిగో, మళ్ళీ! ఎవరి మీద కోపం ఆ కప్పు మీద తీర్చుకున్నావే?"

"కోపం లేదమ్మా. జారింది."

"జారిందిట! మీ నాన్న చేతిలో జారవు, నా చేతిలో జారవు. అన్నీ నీ చేతిలోనే జారతాయి. మా అమ్మ పోలిక అచ్చు గుద్దినట్టు దిగింది నీకు."

 పిల్ల వంగి పెంకులు ఏరుకుంటోంది.

"నేనింకా చెప్పులైనా విప్పలేదు, అప్పుడే స్వాగతం మోగించేశారే!" అంటూ లోపలికొచ్చాడు మిషనక్క అన్నయ్య. రెండు చేతుల్లో ఒక బరువైన రేకు పెట్టె. నాన్న పోయి కొన్ని నెలలైంది. ఆ ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద దొరికిందట. పెట్టె తెరవగానే ఆమెకి తెలిసిపోయింది. నాన్న ప్రొజెక్టరు. పక్కన ఒకే ఒక రీలు.

"ఉరుకుల బొమ్మ!" అంది.

"ఆ! మా మనవలకి చూపిద్దామని పెడితే మరీ వెర్రెత్తిపోయింది. కాసేపు పరుగు, కాసేపు ఆగిపోవడం. నీ చేత్తో ఒక దెబ్బ వెయ్యి, దారిలోకొస్తుంది."

ఉరుకుల బొమ్మంటే ఆ ఇంటి నవ్వుల మూట. నాన్న కీ తిప్పే చిన్న కెమెరాతో తీసింది. అందులో అందరూ ఉరుకుతారు. బాబాయి కోడి గింజలు పొడిచినట్టు టీ తాగుతాడు. అన్నయ్య ఊయల మీద పిచ్చిపట్టినట్టు ఊగుతాడు. చివర్లో అమ్మ టీ కప్పుల పళ్ళెంతో దూసుకొచ్చి ఒక కప్పు నేలకేసి కొడుతుంది. వెంటనే అయిదేళ్ళ మిషనక్క ఎగిరొచ్చి అమ్మ చేతిని ఫట్‌మని కొడుతుంది. "అదిగో చూడండి, బుడ్డది తల్లికి బుద్ధి చెప్పింది!" అనేవాడు నాన్న, చుట్టాలొచ్చినప్పుడల్లా. అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు.

ఆ మరుసటేడు అమ్మ ఇల్లు వదిలి పెద్దమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. "కోపిష్టి మనిషి. ఇంట్లో ఒక్క గిన్నె మిగల్చలేదు," అని నాన్న చెప్పాడు. పిల్లలకి వేరే గుర్తేముంది? ఏటేటా చూసి చూసి, గోడ మీది అమ్మే మనసులో అమ్మ అయి కూచుంది. మిషనక్కకి కూతురు పుట్టినప్పుడు అమ్మ ఆసుపత్రికొచ్చి రెండు చేతులూ చాపింది. "వద్దు. విసిరేస్తావేమో," అంది మిషనక్క. ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుని కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. తర్వాత కొన్నాళ్ళకే పోయింది. అన్న మాట సరైనదేనని మిషనక్క ఇన్నాళ్ళూ అనుకుంటూనే ఉంది.

ప్రొజెక్టరు మీద చెయ్యి వేసి చూసింది. "బెల్టు సాగిపోయింది, జారుతోంది," అని కుట్టుమిషను బెల్టొకటి కోసి అతికి వేసింది. కిటికీలకి దుప్పట్లు కట్టి, గోడ మీద బొమ్మ వేసింది. ఇప్పుడు బొమ్మలో అన్నయ్య ఊయల మీద ఊగడం కాదు, తేనెటీగలా కొట్టుకుంటున్నాడు.

"చంపావు పో! నా చిన్నతనం మొత్తం ఒక్క క్షణంలో అవగొట్టేశావు," అన్నాడు అన్నయ్య.

ఆమె నవ్వలేదు. కొత్త బెల్టు బాగా పట్టాక ఇంకా ఎక్కువ ఉరుకుతోందంటే, రోగం బెల్టులో లేదు. మోటారు కప్పీ విప్పి చూసింది. దాని చుట్టూ నల్లటి గుడ్డ టేపు, పొర మీద పొర, జిగురు కరిగి కప్పీలో కలిసిపోయి ఉంది.

"ఇది నాన్న చుట్టిందే," అంది. "బెల్టు జారుతుంటే పట్టుకోసం చుట్టుంటాడు. కప్పీ లావైతే వేగం పెరగదూ? అందుకే మనం పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఉరుకుతున్నాం."

"మరి అసలు వేగం ఎంతో నీకెలా తెలుస్తుందే? మనుషులు మెల్లగానూ నడుస్తారు, గబగబానూ నడుస్తారు."

"మనుషుల్ని నమ్మను. ఊయల్ని నమ్ముతాను. తాడు పొడుగెంతో దాని ఊపు అంతే. తొందరపెట్టినా వినదు."

ఊయల కట్టిన పాత ఇంటి వసారా దూలం, ఈ గది కొక్కెం ఇంచుమించు ఒకటే ఎత్తు. బొమ్మలో ఊయల వేలాడినంత కిందికి, తాడు కట్టి పాత ఇనప ఇస్త్రీపెట్టె వేలాడదీసింది. దాన్ని ఒక ఊపు ఊపి వదిలింది. గోడ మీద అన్నయ్య ఊయల, గోడ ముందు ఇస్త్రీపెట్టె. టేపు ఒక పొర ఒలిచి, మోటారు కాస్త జరిపి బెల్టు బిగించి, బొమ్మ వేసి చూడటం. మళ్ళీ ఇంకో పొర. ఒక్కో పొరకీ ఊయల కాస్త కాస్త నెమ్మదిస్తోంది.

"నన్ను ఇస్త్రీపెట్టెతో జోడు కట్టావు కదే," అని అన్నయ్య సణుగుతున్నాడు. కూతురు పగిలిన కప్పు పెంకులున్న చేట పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి చూస్తోంది.

ఆఖరి పొర ఒలిచాక ఊయలా ఇస్త్రీపెట్టే కలిసి ముందుకెళ్ళి కలిసి వెనక్కొచ్చాయి. అన్నయ్య చప్పట్లు కొట్టాడు. "కానీ! ఈసారి చివరిదాకా వదిలెయ్యి!"

బొమ్మ నడిచింది. అవును, మొదటిసారి నడిచింది. ప్రహరీ మీద పిల్లి, పిల్లిలాగే నడిచింది. బాబాయి టీ ఊదుకుంటూ, ఒక్కో గుక్కా చప్పరిస్తూ తాగాడు. "బాబాయి ఇంత నిదానమైన మనిషా!" అని అన్నయ్య ముచ్చటపడ్డాడు. మేనత్త విసనకర్ర మెత్తగా ఊగింది. అంతా నీళ్ళలా సాఫీగా ఉంది.

అప్పుడు అమ్మ వచ్చింది.

అమ్మ దూసుకురాలేదు. ఒక్కో అడుగూ చూసి చూసి వేస్తోంది. పళ్ళెంలో కప్పులు ఎగిరెగిరి పడుతున్నాయి. మిషనక్క ముందు యంత్రం మీద చెయ్యి వేసింది. రీలు ఎక్కడో పళ్ళచక్రం మీంచి తప్పుతోందనుకుంది. చెయ్యి కింద యంత్రం చల్లగా, సమంగా ఆడుతోంది. గోడ మీద బాబాయి కుదురుగా ఉన్నాడు, పిల్లి కుదురుగా ఉంది, కుర్చీలు కుదురుగా ఉన్నాయి. ఒక్క అమ్మ చేతులే ఇంకా ఉరుకుతున్నాయి.

"అదేంటే..." అన్నాడు అన్నయ్య. 

అమ్మ పళ్ళెం బల్ల మీద పెట్టింది. ఒక కప్పు తీసింది. కుడి చెయ్యి వణుకుతుంటే ఎడమచేత్తో మణికట్టు అదిమి పట్టుకుంది. రెండూ వణికాయి. కప్పు విసిరింది కాదు. వేళ్ళ మధ్యనుంచి మెల్లగా, అందరూ చూస్తుండగానే జారి, పడింది. అమ్మ తలెత్తి సూటిగా కెమెరా వైపు, అంటే నాన్న వైపు చూసి ఏదో అంది. బొమ్మకి మాట లేదు కానీ పెదవులు తేటగా కనిపించాయి.

"జారిందండీ, అంటోంది అమ్మమ్మ," అంది తలుపు దగ్గర్నుంచి కూతురు.

 అంతలో బల్ల పక్కనుంచి అయిదేళ్ళ పిల్ల వచ్చింది. ఎగరలేదు. కొట్టలేదు. రోజూ చేసే పనిలాగా, ఎవరూ చెప్పకుండానే, అమ్మ కుడిచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. అమ్మ చెయ్యి కాసేపటికి నిలిచింది. కెమెరా ఆ చేతుల మీదే ఉంది. తర్వాత రీలు అయిపోయి, దాని తోక టపటపా కొట్టుకోసాగింది.

ఎవరూ లేచి స్విచ్చి ఆర్పలేదు.

"నాకు తెలుసు," అంది మిషనక్క.  "అయిదేళ్ళప్పుడు నాకు తెలుసన్నయ్యా. పట్టుకున్నాను చూడు. తెలిసిందాన్ని ఎలా మర్చిపోయాను?"

అన్నయ్య మొహం చేత్తో తుడుచుకున్నాడు. "నాన్న... కావాలనే చుట్టాడంటావా, ఆ టేపు?"

"బెల్టు జారుతుంటే చుట్టాడు. అది నిజం. బొమ్మ ఉరుకుతోందని తెలిసీ విప్పలేదు. అదీ నిజమే. ఆయన చేతికి ఇది ఎంతసేపు పని?" ఒలిచిన టేపు ముక్కలు ఆమె వేళ్ళకి అంటుకుని ఊడిరావట్లేదు. "నేను పిల్లని ఇవ్వలేదు. చేతులు చాపితే ఇవ్వలేదు."

 ఇస్త్రీపెట్టె ఒక్కటే ఇంకా సన్నగా ఊగుతోంది. తలుపు దగ్గర చేటలో పెంకులు గలగలమన్నాయి. మిషనక్క తల తిప్పి చూసింది. కూతురు కదలకుండా నిలబడే ఉంది. పెంకులు మాత్రం గలగలమంటూనే ఉన్నాయి.

మిషనక్క లేచింది. "ఆ చేట కింద పెట్టు."

కూతురు పెట్టింది. పెట్టి, రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. ఆసుపత్రిలో అమ్మ దాచుకున్నట్టే.

"ఇటివ్వు తల్లీ."

"ఏం లేదమ్మా."

"ఇటివ్వు."

ఇచ్చింది. మిషనక్క ఆ కుడిచేతిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది. సన్నగా, విడవకుండా, లోపలెక్కడో మోటారు తిరుగుతున్నట్టు వణుకుతోంది. ఇరవయ్యేళ్ళుగా ఈ చెయ్యి ఈ ఇంట్లోనే, ఆమె కళ్ళ ముందే ఉంది. ఊరందరి యంత్రాల మీదా వేసిన చెయ్యి ఆమె దీని మీద ఒక్కసారీ వెయ్యలేదు.

"ఎప్పట్నుంచే?"

"బళ్ళో ఉన్నప్పట్నుంచి. రాత కుదిరేది కాదు." పిల్ల నేల చూపులు చూసింది. "నువ్వు కోపమన్నావు కదా. కోపమేనేమో అనుకున్నా. తగ్గించుకుందామనే చూశా."

కళ్ళు మూసుకుంటే ఏ యంత్రం రోగమైనా చెప్పే మనిషి, గట్టిగా కళ్ళు మూసుకుని కూడా ఒక్క మాట చెప్పలేకపోయింది. రేపు బల్ల దగ్గర కూచోనని, పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్దామని చెప్పడానికి చాలాసేపు పట్టింది. చెప్పాక కూడా ఆ చెయ్యి వదల్లేదు. గట్టిగా పట్టుకుని నిలబడింది, నిలుస్తుందేమోనని.